ఐరిష్ కాఫీపై మీగడ తేలాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (చిత్తూరు): ఇంట్లో ఐరిష్ కాఫీ చేసేటప్పుడు మీగడ పైన నిలవకుండా కలిసిపోతున్నది. మన ఫిల్టరు డికాక్షన్ దీనికి పనికివస్తుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: చక్కెర మానవద్దు. చక్కెర కరిగిన కాఫీ సాంద్రత పెరిగి, తేలికైన మీగడను పైన నిలుపుతుంది. వేడినీళ్లతో వెచ్చబరచిన గ్లాసులో 120 మిల్లీలీటర్ల వేడి కాఫీ, ఒక చెంచా చక్కెర, 50 మిల్లీలీటర్ల ఐరిష్ విస్కీ కలపండి. పాలపై తీసిన మీగడ ముద్దలు కడుతుంది కనుక, కొవ్వు 35 శాతం దాకా ఉన్న విప్పింగ్ క్రీమ్ తీసుకొని, మన ఎండలకు గిన్నెను సైతం ఫ్రిజ్‌లో చల్లబరచి, కొంచెం చిక్కబడి ఇంకా జారుతున్నప్పుడే గిలకొట్టడం ఆపి, చెంచా వెనుకవైపు మీదుగా నెమ్మదిగా పోయండి.

మరొక సమాధానం (తిరుపతి): డికాక్షన్ నిస్సందేహంగా పనికివస్తుంది, అయితే చికోరీ విస్కీ పరిమళాన్ని అణచివేస్తుందని నా అభిప్రాయం. చికోరీ లేని పొడితో తీసి, వేడినీటితో పలుచన చేయండి, పాలు పోయవద్దు. 1940లలో ఐర్లండ్‌లోని ఫోయ్న్స్ విమాన స్థావరంలో జో షెరిడన్ అనే వంటవాడు చలికి వణికే ప్రయాణికుల కోసం రూపొందించిన పానీయమిది. చల్లని మీగడ గుండా వేడి కాఫీ నోటికి అందడమే దీని రుచి కనుక, తాగేటప్పుడు చెంచాతో కలపకండి.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. చక్కెర వేయకుండానే చేస్తున్నాను, ఈసారి వేస్తాను.