లంకావి నుంచి తెరచాప పడవలో మన తీరానికి: రేవుల్లో ఏ కాగితాలు అడుగుతారు?

కృష్ణలంక వాసి:
మాది విజయవాడ. మా తమ్ముడు పెనాంగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ అతని స్నేహితుడికి మలేషియాలో రిజిస్టరైన 38 అడుగుల సొంత తెరచాప పడవ ఉంది. జనవరిలో మలేషియాలోని లంకావి దీవిలో బయలుదేరి థాయిలాండ్‌లోని ఫుకెట్, శ్రీలంకలోని గాలే మీదుగా మన తీరానికి రావాలని వాళ్ల ఆలోచన. నన్ను ఫుకెట్‌లో ఎక్కమంటున్నారు. బందరు దాకా వచ్చి అమ్మను పడవెక్కించాలని తమ్ముడి కోరిక. కస్టమ్స్ వాళ్లు ఏమి అడుగుతారు? విమానానికి ఒకవైపు టికెట్టు చాలా? అమ్మ ఇప్పటికే రెండు పెద్ద సీసాల ఆవకాయ సిద్ధం చేసింది. అది తీసుకెళ్లవచ్చా?

అమరావతి రోడ్డు, గుంటూరు:
నేను టికెట్ల పని చేస్తాను. ఒకవైపు టికెట్టుతో వెళ్తే చెక్-ఇన్ దగ్గరే ఆపుతారు. తిరిగి వెళ్లేది పడవలోనని చూపడానికి పడవ యజమాని సంతకంతో ఒక ఉత్తరం, మీ పేరున్న క్రూ లిస్టు (పడవలో ప్రయాణించేవాళ్ల జాబితా), పడవ రిజిస్ట్రేషన్ నకలు వెంట ఉంచుకోండి. అవి చూపించినా కౌంటరులో కొందరు ఒప్పుకోరు. రద్దు చేస్తే డబ్బు తిరిగి వచ్చే రకం తిరుగు టికెట్టు కొనుక్కోవడం మేలు.

బ్రాడీపేట సరంగు:
ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో, ఆ తర్వాత నాలుగు సీజన్లు ఇతరుల యాట్‌లను (విహార పడవలను) రేవు నుంచి రేవుకు చేర్చే పనిలో ఉన్నాను. మీ ప్రశ్న చూసి చాలా సంతోషం కలిగింది. మన జిల్లాల నుంచి ఈ సంగతి అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ముందుగా ఒకటి మనసులో పెట్టుకోండి. రేవులో మనిషి లెక్క వేరు, పడవ లెక్క వేరు. మీ పాస్‌పోర్టు ఇమ్మిగ్రేషన్ చూస్తుంది. పడవను మాత్రం కస్టమ్స్ ఒక దిగుమతి వస్తువుగా చూస్తుంది. కొంతకాలం ఉండి వెళ్లిపోతుందన్న షరతు మీదే సుంకం లేకుండా రానిస్తుంది. ఐరోపా సమాఖ్యలో బయటి దేశస్థుల పడవ 18 నెలలు ఉండవచ్చు, కానీ ఒకే వీసాతో తిరగగల షెంగెన్ దేశాల్లో అందులోని మనిషికి 180 రోజుల్లో 90 రోజులే. ఈ తేడా తెలియక పడవను వదిలి విమానమెక్కినవాళ్లను చూశాను.

మీరు థాయిలాండ్‌లో విమానం దిగేది పర్యాటకుడిగా. పడవలో బయటికి వెళ్లేటప్పుడు పడవ నడిపించే స్కిప్పర్ మీ పేరు క్రూ లిస్టులో చేర్చి, మీ పాస్‌పోర్టుకు నిష్క్రమణ ముద్ర వేయించాలి. ఫుకెట్‌లో ఈ పని చలోంగ్ జెట్టీ దగ్గర జరుగుతుంది. కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్, హార్బర్ మాస్టర్ అందరూ ఒకేచోట ఉంటారు. పని ముగిశాక ఇచ్చే పోర్టు క్లియరెన్స్ (రేవు విడిచి వెళ్లే అనుమతి) కాగితాన్ని ప్రాణంలా చూసుకోండి. తర్వాతి రేవులో మొట్టమొదట అడిగేది దాన్నే.

అది లేకపోతే ఏమవుతుందో నేను అనుభవించాను. ఒక రేవులో శనివారం మధ్యాహ్నానికి ఆఫీసు మూసేశారు. గాలి బాగుందని యజమాని తొందరపడి, క్లియరెన్స్ లేకుండానే లంగరు ఎత్తించాడు. నేను గట్టిగా అడ్డుచెప్పలేదు, అది నా తప్పు. తర్వాతి దేశంలో అధికారి మా కాగితాలన్నీ రెండుసార్లు తిరగేసి, ఆ ఒక్కటీ లేదని తెలిశాక మమ్మల్ని పడవలోనే ఉండమన్నాడు. మూడు రోజులు పసుపు జెండా కింద లంగరు మీదే ఉన్నాం. ఒడ్డున కొబ్బరి బొండాలు కొట్టే మనిషి కత్తి ఎత్తడం కనిపించేది, క్షణం తర్వాత చప్పుడు వినిపించేది. మా ట్యాంకులో నీళ్లు అడుగంటాయి, పూటకు ఒక గ్లాసు చొప్పున కొలిచి తాగాం.

ఆ పసుపు జెండా గురించి కూడా చెప్పాలి. కొత్త దేశపు జలాల్లోకి రాగానే కుడివైపు తాడుకు దాన్ని ఎగరేస్తారు. పడవలో అంటురోగాలు లేవు, లోపలికి అనుమతి ఇవ్వండి అని దాని అర్థం. అనుమతి వచ్చేవరకు స్కిప్పర్ తప్ప ఎవరూ ఒడ్డు తొక్కకూడదు. ఆ తర్వాత దాన్ని దించి, ఆ దేశపు జెండా కట్టాలి. చిరిగినదీ వెలిసినదీ కట్టవద్దు, వాళ్లకు మనసు నొచ్చుకుంటుంది.

గాలేలో కాగితాల పని చూసే ఏజెంటు లేకుండా పని జరగదు, ముందే మాట్లాడుకోండి. బందరు సంగతి చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. 1611లో ఇంగ్లీషువాళ్లు వర్తక కోఠీ పెట్టుకున్న రేవు అది, కానీ ఇప్పుడు విదేశీ పడవ నేరుగా వచ్చి దిగే చోటు కాదు. ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ ఉన్న రేవుకే ముందు వెళ్లాలి. విశాఖ, చెన్నై అంటారేమో, జనవరిలో ఈశాన్యపు గాలి ముఖాన కొడుతుంది. గాలే నుంచి కొచ్చి తేలిక. అక్కడ బోల్గాట్టిలో యాట్‌ల కోసమే కట్టిన మెరీనా ఉంది. అమ్మగారిని రైల్లో అక్కడికి తీసుకెళ్లండి.

కృష్ణలంక వాసి:
బాబాయి గారూ, చాలా కృతజ్ఞతలు. కొచ్చి మాట తమ్ముడికి చెప్పాను, ఒప్పుకున్నాడు. మరి ఆవకాయ? పడవలో ఉపగ్రహ ఫోను కూడా ఉందట.

బ్రాడీపేట సరంగు:
ఫోను సంగతే ముందు చూడండి. మన దేశంలో అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోను ఉంచుకోవడం నేరం. విమానాశ్రయాల్లో అరెస్టయిన విదేశీయులున్నారు. అనుమతి విషయం బయలుదేరేముందే ఏజెంటు ద్వారా తేల్చుకోండి. కొచ్చిలో దాచకుండా రాసి చూపించండి. మలేషియా స్నేహితుడి వీసా కూడా చూడండి, ఈ-వీసా అన్ని రేవుల్లో చెల్లదు.

ఆవకాయ కూడా ఆహార పదార్థాల జాబితాలో రాయండి. న్యూజిలాండ్‌లో మా అరలోని తేనె, ఉల్లిపాయలు, వెల్లుల్లి తీసుకుపోయారు. ముందే రాసి ఇచ్చాం కాబట్టి జరిమానా పడలేదు. దారి మార్చి మాల్దీవులకు వెళ్తే మద్యం, పంది మాంసం తప్పకుండా చెప్పాలి, మద్యానికి సీలు వేస్తారు. దగ్గుమందు, నొప్పి మాత్రలకు డాక్టరు చీటీ ఉంచుకోండి.

ఇంకొక చిన్న పని. పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరుతో ఒక రబ్బరు స్టాంపు చేయించండి. బీసెంట్ రోడ్డులో ఒక్క పూటలో చేసి ఇస్తారు. క్రూ లిస్టు కనీసం పది ప్రతులు తీసి, ప్రతిదాని మీదా సంతకం పక్కన ఆ ముద్ర వేయాలి. చలోంగ్‌లో పడవ ఎక్కగానే దాన్ని స్కిప్పర్ చేతికి ఇవ్వండి.