అమ్మతో కల్లు మాన్పించేదెట్ల? ఒక్క పూట తాగకున్నా వణుకుతున్నది

ఆర్మూరు ఆడబిడ్డ:

మాది నిజామాబాద్ జిల్లాల ఆర్మూరు దిక్కు ఒక ఊరు. పెళ్లయినంక హైదరాబాదుల ఉంటున్న. ఇప్పుడు నాకు ఏడో నెల. కాన్పు ఇక్కడనే చేయించుకోని, అమ్మను తెచ్చి పెట్టుకుందామని నా ఆలోచన. అమ్మ కల్లుతోనే వచ్చింది తిప్పలు.

ఆమెకు యాభై దాటినయి. పెళ్లి కాకముందు నుంచే బీడీలు చేస్తది. పొద్దంత చాట ముందట కూసుంటే నడుము పడిపోతదని పొద్దుమూకినంక ఒక సీసా తాగేది. నాన్న పోయినంక ఎక్కువైంది. ఇప్పుడు పొద్దున ముఖం కడగంగనే ఒకటి పడాలె, లేకుంటే చేతికి ఆకు నిలవదు. బీడీ పింఛను ఎటు పోతున్నదో చెప్పే పని లేదు. కని తాగి లొల్లి చేయదు, ఎవ్వలనూ ఒక్క మాట అనదు, మూలకు పండుకుంటది. గందుకే మా ఇంట్ల దీన్ని ఎవ్వరూ రోగం అనుకోలే. మా తమ్ముడు తాగి బండి మీదికెల్లి పడితే ఊరంత పంచాయితీ పెట్టిన్రు, అమ్మ గురించి మాత్రం ఎన్నడూ ముచ్చటే రాలే.

పోయిన సంక్రాంతికి ఇక్కడికి తెచ్చిన. రాత్రంత నిద్ర లేదు. తెల్లారి చేతులు వణుకుడు, చెమటలు. ఇంకో రోజుకు గోడ మీద చీమలు పాకుతున్నయని కొంగుతోని దులుపుడు వెట్టింది. గోడ మీద ఏం లేదు. మా ఆయన భయపడి బస్సెక్కించిండు. ఊర్ల దిగి తాగింది, మంచిగైంది.

మా అత్తమ్మ ఏమంటదంటే, నాలుగు రోజులు అర్రల పెట్టి తాళం వేస్తే అదే మానుతదట. ఒక డీ-అడిక్షన్ సెంటర్‌కు ఫోన్ చేస్తే ఆడోళ్లను పెట్టుకోము అన్నరు. ఎవరికన్న తెలిస్తే చెప్పున్రి.

గోదారి గట్టు:

అక్కా, మా బాబాయ్‌కి అన్నంలో కలిపే పొడి తెప్పించి పెట్టారు. రంగూ ఉండదు, రుచీ ఉండదు, తాగేవాళ్లకి తెలియనే తెలియదు. రెండు వారాల్లో సీసా చూస్తేనే వాంతి. కావాలంటే చెప్పండి, అడ్రస్ కనుక్కుంటాను.

వార్డు సిస్టరమ్మ:

ముందు ఆ తాళం మాట, ఆ పొడి మాట పక్కన పెట్టండి. ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఈ రెండిటి వల్లా ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లను చూశాను.

అమ్మా, మీ అమ్మగారికి పట్టింది ఒట్టి కల్లు కాకపోవచ్చు. మీ దిక్కు దుకాణాల్లో అమ్మేదాంట్లో చెట్టు కల్లు ఎంతో ఆ పైవాడికే తెలియాలి. నీళ్లు, శాకరిన్, దాని మీద అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు. అల్ప్రాజోలం, డయాజిపామ్ రెండూ డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన నిద్రమాత్రల జాతి. ఏళ్ల తరబడి రోజూ పడేసరికి మెదడు వాటి మీదే ఆధారపడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం, లేనివి కనపడటం. ఆ తర్వాత ఫిట్స్. ఫిట్స్‌లో మనిషి పోవచ్చు. గోడ మీద చీమలు అన్నారే, అది మీ అమ్మగారు ఆ అంచు దాకా వెళ్లి రావడమే. తాళం వేసి ఉంటే ఏమయ్యేదో నేను రాయను.

2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు చేసి దుకాణాలు మూయించినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులు ఇలాంటి వాళ్లతో నిండిపోయాయి. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి అదే వరస. వాళ్లలో చాలామంది మీ అమ్మగారిలాంటి వాళ్లే, కూలి చేసుకునే ఆడవాళ్లు, పెద్దవాళ్లు. చేతులు కట్టేసి ఆటోలో తెచ్చేవారు. దయ్యం పట్టిందని ముందు ఎక్కడెక్కడో తిప్పి, ఆఖరికి మా దగ్గరికి వచ్చిన వాళ్లూ ఉన్నారు.

వైద్యం ఉంది, అందులో గారడీ ఏమీ లేదు. కల్లులో పోయే మందుకు బదులు అదే జాతి మందును లెక్క ప్రకారం మాత్రగా ఇచ్చి, మెల్లగా తగ్గిస్తూ వస్తారు. వారాలు పడుతుంది, కొందరికి నెలలు. మొదటి రోజులు ఆసుపత్రిలో ఉంచుకోవడమే మంచిది. ఆ మాత్రలు మీరే మెడికల్ షాపులో కొని ఇవ్వకండి, దాని మీద కల్లు కూడా పడితే ఊపిరి ఆడదు. డాక్టరు దగ్గర దాచకండి. పొద్దున ఎన్ని సీసాలు, రాత్రి ఎన్ని, ఆపినప్పుడు ఏం జరిగింది, మాకు రాసినట్టే చెప్పండి. చాలామంది సిగ్గుపడి అప్పుడప్పుడు తాగుతుంది సార్ అంటారు. దాంతో మందు తక్కువ పడి రాత్రికి ఫిట్స్ వస్తాయి.

గోదారి బాబూ, ఆ పొడుల్లో ఏముందో అమ్మేవాడు చెప్పడు. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ లాంటిదైతే, తెలియక దాని మీద తాగిన మనిషికి బీపీ పడిపోయి గుండె మీదికి వస్తుంది. మీ బాబాయ్ బాగున్నారు, సంతోషం. అడ్రస్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

మోకు ముస్తాదు:

కల్లు గీయ మా నాయిన చెట్టు ఎక్కిండు, నేను ఎక్కిన, నా కొడుకు ఎక్కడు. సిస్టరమ్మ చెప్పింది నిజమే, కని మా తరఫున ఒక మాట చెప్పాలె. ఈత చెట్టు మంచిగ పారితే దినానికి రెండు మూడు లీటర్లు. అదీ చలికాలమే. ఊర్ల ఉన్న చెట్లెన్ని, దుకాణంల అమ్ముడుపోయే సీసాలెన్ని? లెక్క చిన్నపోరనికి గూడ తెలుస్తది. కొన్ని ఊర్లల్ల గ్రామాభివృద్ధి కమిటీ కల్లు అమ్ముడును వేలం పాడుతది. గుడికని, బడికని లక్షలు కట్టి పాడినోడు చెట్టు కల్లు అమ్మి ఆ పైసలు ఎట్ల తీస్తడు? మందు కలుపుతడు. అందరికీ తెలుసు, కమిటోళ్లకు గూడ.

నేను ఒకసారి ఉత్త చెట్టు కల్లు తీస్కపోయి పెట్టిన. తాగెటోళ్లు సగం సీసా తాగి, ఇదేం కల్లురా నీళ్ల లెక్క ఉన్నదని ఇడిచిపెట్టి పోయిన్రు. ఆ మందుకు అంతగనం అలవాటు పడ్డరు. చెల్లె, మీ అమ్మను మాన్పించినా మల్ల ఆ ఊర్లెకే పంపితే దుకాణం ఇంటి పక్కనే ఉంటది. గది గూడ సోంచాయించు.

ఆర్మూరు ఆడబిడ్డ:

అన్నా, దుకాణం మా వాడకట్టులనే. బీడీ కార్ఖానాకు పోయే తొవ్వ మీదనే.

సిస్టరమ్మా, చదివినంక చేతులు చల్లబడ్డయి. రెండు అడుగుత. ముందు ఎక్కడికి తీస్కపోవాలె, ఇక్కడికి తెచ్చినంకనా, ఊర్లనేనా? బస్సుల నాలుగైదు గంటలు పడతది. ఇంకోటి, అమ్మ దగ్గర పాపను పండవెట్టచ్చా? మా పెద్దమ్మ మనవడు ఏడిస్తే వేలు ముంచి కల్లు నాకిచ్చుడు నేనే చూసిన.

వార్డు సిస్టరమ్మ:

ఊర్లోనే మొదలుపెట్టండి. జిల్లా పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి, ఆడవాళ్లను తీసుకోం అనే మాట అక్కడ ఉండదు. చూపించేదాకా మీ అంతట మీరు కల్లు ఆపకండి, పెంచకండి. నాలాంటిది ఇలా చెప్పడం వింతగా ఉంటుంది కానీ, ప్రయాణం కోసమని పొద్దున్నుంచి ఆపితే బస్సులోనే ఫిట్స్ రావచ్చు. మందులు కుదిరాక తీసుకురండి. వచ్చేటప్పుడు ఆసుపత్రి చీటీలన్నీ తెచ్చుకుంటే ఇక్కడ ఎర్రగడ్డలో అక్కడి నుంచే కొనసాగిస్తారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416 టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్. రెండూ ఉచితం. ఫిట్స్ వస్తే వీటికి కాదు, 108కి చేయండి.

పాప సంగతి. మీ అమ్మగారు ఆ మత్తులో ఉన్నన్నాళ్లు, మాత్రలు తగ్గిస్తున్నన్నాళ్లు కూడా, పాపను ఆమె పక్కలో పడుకోబెట్టకండి. మత్తు నిద్రలో పసిబిడ్డ మీదికి ఒరిగినా తెలియదు. పగలు మీ కళ్ల ముందు ఎత్తుకోనివ్వండి, స్నానం మీరుండగా పోయించనివ్వండి. నాకు పని లేదు అనిపిస్తే ఆవిడ అక్కడ నిలవదు. వేలు ముంచి నాకించడం మాత్రం ఎవరు చేసినా అక్కడే ఆపండి. ఆ సీసాలో ఉన్న మందుకు పసివాళ్ల ఊపిరి ఆగిపోగలదు. మీ పెద్దమ్మకు కూడా ఫోన్ చేసి చెప్పండి.

ఆర్మూరు ఆడబిడ్డ:

పెద్దమ్మకు ఇప్పుడే చేసిన. నవ్వింది, మీరందరు గట్లనే పెరిగిన్రు అన్నది. మళ్ల చేస్త. సోమవారం తమ్ముడు అమ్మను ఆసుపత్రికి తీస్కపోతనన్నడు. డాక్టరు ముందట ఏం చెప్పాలెనో వాట్సాప్‌ల రాసి పంపుతున్న. సీసాల లెక్క అడిగితే వానికి గూడ తెల్వదట, దుకాణంల ఉద్దెర పుస్తకం చూసి చెప్తనన్నడు.