అప్‌డేట్: డెస్క్‌టాప్ లినక్స్‌లో మానిటర్ బ్రైట్‌నెస్ సమస్య తీరింది

పోయిన వారం అడిగాను కదా, ఉబుంటు లినక్స్ వేసిన డెస్క్‌టాప్‌లో బ్రైట్‌నెస్ స్లైడరే కనిపించడం లేదు, రాత్రిపూట కళ్ళు మండిపోతున్నాయి అని. ఇప్పుడు పని అయింది.

ముందు ఎక్స్‌రాండర్ అనే, తెర సెట్టింగులు మార్చే కమాండ్‌తో బ్రైట్‌నెస్ 0.6 పెట్టి చూశాను. తెర మసకబారింది కానీ వెనక లైటు తగ్గలేదు. అది రంగులను మాత్రమే ముదురు చేస్తుందట. నలుపు ఉండాల్సిన చోట అదే బూడిద వెలుగు. కిటికీకి పల్చటి పరదా కట్టినట్టు ఉంది, అంతే.

అసలు మందు డీడీసీయుటిల్ అనే కమాండ్ ప్రోగ్రామ్. ఇది కేబుల్ గుండా మానిటర్‌తోనే మాట్లాడుతుంది. ఇన్‌స్టాల్ చేసి, దానికి మానిటర్‌తో మాట్లాడే దారి తెరిచే ఐ2సీ-డెవ్ అనే లినక్స్ మాడ్యూల్ లోడ్ చేసి, 'డిటెక్ట్' కొడితే మానిటర్ దొరకలేదంది! గంటసేపు జుట్టు పీక్కున్నాను. తీరా చూస్తే మానిటర్ సొంత మెనూలో డీడీసీ/సీఐ (కంప్యూటర్ నుంచి మానిటర్‌ను మార్చనిచ్చే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంది. బటన్లన్నీ వెనకవైపు, తడుముకుంటూ నొక్కాలి. ఆన్ చేయగానే మోడల్ పేరుతో సహా కనిపించింది.

ఆ తర్వాత 'సెట్‌వీసీపీ 10 30' అంటే వెలుగు నిజంగానే 30కి దిగింది. 10 అన్నది బ్రైట్‌నెస్ కోడ్, దాన్ని మార్చకండి. ప్రతిసారీ సుడో (అడ్మిన్ అనుమతి) అడుగుతుంటే మీ యూజర్‌ను ఆ దారి వాడే అనుమతి ఉన్న ఐ2సీ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్ళీ రండి.

రెండు కీబోర్డ్ షార్ట్‌కట్లు పెట్టుకున్నాను: పగలు 70, రాత్రి 20. నొక్కాక మారడానికి క్షణం పడుతుంది, సర్దుకుపోవచ్చు. తప్పు కేబుల్‌దేమో చూడమని అప్పుడు చెప్పినవారికి థాంక్స్, నాది మధ్యలో అడాప్టర్ లేకుండా నేరుగా హెచ్‌డీఎంఐయే.