‘సోర్స్’కు ఒకే తెలుగు మాట చాలుతుందా? మూలమా, ఆధారమా, వనరా?

ప్రశ్న:
అందరూ కలిసి గీసే స్వేచ్ఛా పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీసిన రోడ్డుకైనా, చెరువుకైనా, భవనానికైనా ‘ఈ సమాచారం ఎక్కడిది’ అని చెప్పే ట్యాగు, అంటే వస్తువుకు తగిలించే చీటీ, ఒకటుంది, సోర్స్. పటం గీసే సాఫ్ట్‌వేర్లైన ఎడిటర్ల తెలుగు అనువాదానికి పదకోశం తయారవుతున్న సందర్భంలో మూలం, ఆధారం, వనరు, ఆకరం అని నాలుగు సూచనలు వచ్చాయి. ఒక్కటి ఖాయం చేసుకుని అన్ని చోట్లా అదే వాడితే ఏకరూపత ఉంటుంది కదా? ఇంకో సందేహం. ఆ ట్యాగులో రాసే సర్వే, లోకల్ నాలెడ్జ్, బింగ్ (మైక్రోసాఫ్ట్ వారి ఉపగ్రహ చిత్రాలు) లాంటి విలువలను కూడా తెలుగులో రాయమని చెప్పవచ్చా?

స్పందన:
ముందు మాట సంగతి చూద్దామండి. ఆకరం మంచి మాటే. గని అని అర్థం, పరిశోధకులకు ‘ఆకర గ్రంథాలు’ బాగా అలవాటు. కానీ పటం గీసే తెర మీద కనిపిస్తే ‘ఆకారం’లో దీర్ఘం పడిపోయిందనుకుంటారు. పైగా ఆకారం కూడా అదే తెర మీద ఉంటుంది, ఇంతకంటే గందరగోళం వద్దు. వనరు అంటే వాడుకోవడానికి ఉన్నది, తరిగిపోగలిగేది. నీటి వనరు, ఆర్థిక వనరు అంటాం. సమాచారం ఎక్కడిదో చెప్పడానికి అది అతకదు.

మిగిలినవి మూలం, ఆధారం. రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ కావు. ‘మూలంలో ఇలా ఉంది, అనువాదంలో మారింది’ అన్నప్పుడు మూలం అంటే బయలుదేరిన చోటు. ఆధారం అంటే ఒక మాటను నిలబెట్టేది, రుజువు. ఉపగ్రహ చిత్రం మీద గీసిన భవనానికి ఆ చిత్రం మూలం. ఆ భవనం ఈరోజుకీ అక్కడే ఉందనడానికి అది ఆధారం కాకపోవచ్చు, చిత్రం తీసి ఐదేళ్లయి ఉండవచ్చు. తెలుగు వికీపీడియాలో వ్యాసం చివర ‘మూలాలు’ శీర్షికకు అలవాటుపడినవారికి మూలం కొత్తగా కూడా ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
అయితే అన్నిటికీ మూలమే అని రాసేయవచ్చా?

స్పందన:
అక్కడే ఆగాలి. ఇంగ్లీషులో ఒకే మాట మూడు పనులు చేస్తోంది.

మొదటిది మీరన్నది, సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందనేది. దీనికి మూలం సరే. ‘సోర్స్:నేమ్’ అంటే పేరుకు మాత్రమే మూలం, ‘సోర్స్:జామెట్రీ’ అంటే గీతకు మూలం. గీత ఉపగ్రహ చిత్రం నుంచి, పేరు వీధి బోర్డు నుంచి వచ్చినప్పుడు ఈ విభజన అక్కరకొస్తుంది.

రెండోది ‘సోర్స్:మ్యాక్స్‌స్పీడ్’. వేగ పరిమితి దేన్ని బట్టి వర్తిస్తుందో ఇది చెబుతుంది. బోర్డు ఉంటే ‘సైన్’ అంటారు. బోర్డు లేకుండా చట్టం ప్రకారం వర్తిస్తే దేశం కోడు, రోడ్డు రకం కలిపి రాస్తారు. జర్మనీలో ఊరి లోపలి రోడ్లకు 50 కిలోమీటర్ల సాధారణ పరిమితి ఉంటుంది, దానికి ‘డీఈ:అర్బన్’ అని విలువ. ఇక్కడ మూలం అంటే తప్పు, ఆధారం అనాలి. ఇదే పనికి ‘మ్యాక్స్‌స్పీడ్:టైప్’ అనే కీ (ట్యాగులో విలువకు ముందుండే పేరు) కూడా వాడుకలో ఉంది, అర్థానికి ఆ పేరే దగ్గర.

మూడోది ‘జనరేటర్:సోర్స్’. విలువలు సోలార్, విండ్, హైడ్రో లాంటివి. విద్యుత్తు దేని నుంచి పుడుతోందన్నది ఇక్కడ ప్రశ్న. దీనికి ‘శక్తి వనరు’ చక్కగా సరిపోతుంది. మూలం అని పెడితే ‘మూలం: గాలి’ అని కనబడుతుంది. చూసినవాళ్లు ఇది గాలి కబురనుకున్నా తప్పు పట్టలేం.

అనువాద వేదికల్లో చిక్కు ఇక్కడే. ఇంగ్లీషు మాట ఒకటే అయితే పాత అనువాదం సూచనగా ముందుకొస్తుంది, చేయి దాన్నే నొక్కేస్తుంది. పదకోశంలో ఇంగ్లీషు మాటకు పక్కనే కీ పూర్తి పేరు కూడా రాసిపెట్టండి. తెలుగు మాటకు జత కట్టాల్సింది కీతో, ఇంగ్లీషు మాటతో కాదు.

మరొకరి స్పందన:
విలువల సంగతి. వద్దండి, తెలుగు చేయవద్దు. తెర మీద కనబడే పేరు వేరు, డేటాబేసులో నిలిచే అక్షరాలు వేరు. మొదటిది ఎంత తెలుగైతే అంత మంచిది. రెండోది సాఫ్ట్‌వేర్ అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది, కాబట్టి అందరూ రాసే రోమన్ రూపమే ఉండాలి. ఇందులో ఏమేం చెడతాయో చెబుతాను.

రోమన్‌లో పెద్ద అక్షరంతో మొదలైన బింగ్, చిన్న అక్షరంతో మొదలైన బింగ్ రెండు వేర్వేరు విలువలు. ట్యాగుల లెక్కలు చూపే ట్యాగ్‌ఇన్ఫో రెండింటినీ విడిగా లెక్కిస్తుంది. లోకల్ నాలెడ్జ్ మధ్య ఖాళీ పెడితే ఒకటి, అడుగుగీత పెడితే ఇంకొకటి. రెండు మూలాలుంటే మధ్యలో సెమికోలన్ పెట్టడం వాడుక. కొందరు కామా, కొందరు ఏటవాలు గీత, కొందరు కూడిక గుర్తు పెడతారు. అప్పుడు విలువను ముక్కలు చేసే పనిముట్టుకు అది ఒకే పొడవాటి పేరుగా కనబడుతుంది. పటం డేటాలో వెతికే పనిముట్టు ఓవర్‌పాస్‌లో వెతికేటప్పుడు పెద్దచిన్న అక్షరాల తేడా పట్టించుకోవద్దని సూచన ఇవ్వవచ్చు. ఖాళీలకూ కామాలకూ ఆ వెసులుబాటు లేదు, వెతికే నమూనాలోనే రాసుకోవాలి.

తెలుగులో విలువ రాస్తే ఇంకో రెండు గోతులున్నాయి. పొల్లు అక్షరం తర్వాతి హల్లుతో కలిసిపోకుండా మనం పెట్టే కనబడని అక్షరం, యూనికోడ్‌లో 200సి, విలువ చివర మిగిలిపోతే కంటికి తేడా తెలియదు, యంత్రానికి మాత్రం అది వేరే మాట. ‘శాటిలైట్’లోని ఐత్వాన్ని 0సి48 అనే ఒకే అక్షరంగా రాయవచ్చు, 0సి46, 0సి56 అని రెండు ముక్కలుగానూ రాయవచ్చు. యూనికోడ్ దృష్టిలో రెండూ సమానమే. సాధారణీకరణ, అంటే రెండు రూపాలనూ ఒకటిగా మార్చడం, చేయకుండా పోల్చే పనిముట్టుకు కావు. తేదీలో తెలుగు అంకెలు పెట్టడం కూడా అంతే: ‘సోర్స్:డేట్’లో ౨౦౨౪ అని రాస్తే కళ్లకు పండుగ, తేదీ చదివే పార్సర్‌కు దండుగ.

విలువలో సంవత్సరం ఇరికించడం ఇంకో జబ్బు. ఫ్రాన్స్‌లో భూమి రికార్డుల నుంచి గీసినవాటికి పన్నుల శాఖ పేరు, ‘తాజా చేసినది: 2010’ అన్న ముక్క కలిపి ఒక వాక్యమంత విలువ పెట్టారు. మరుసటి ఏడాదికి అది మరో కొత్త విలువ. మూలం పేరు ఒక కీలో, తేదీ ఇంకో కీలో ఉంటే ఈ బాధ లేదు. ఒక విలువకు 255 అక్షరాల హద్దు ఉందని కూడా గుర్తుంచుకోండి. వాక్యాలు రాసేవాళ్లు చివర తెగిపోయిన మూలాన్ని వదిలిపోతారు.

ప్రశ్న అడిగినవారు:
మరి ‘సర్వే’ని తెర మీద ఏమని చూపించాలి? అది తెలుగులో కలిసిపోయిన మాటే కదా, అలాగే ఉంచితే?

స్పందన:
కలిసిపోయింది గనకే ప్రమాదం. తెలుగులో సర్వే అంటే గొలుసుతో భూమి కొలవడం, లేదా జనాన్ని ప్రశ్నలడిగి అభిప్రాయాలు పోగు చేయడం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో సర్వే అంటే గీసిన మనిషి అక్కడికి వెళ్లి కళ్లారా చూశాడని, అంతే. ఆ మాట అలాగే చూపిస్తే భూమి సర్వే పటం చూసి గీసినవారు నిజాయితీగానే దాన్ని ఎంచుకుంటారు. ఆ పటాన్ని వాడే అనుమతి ఉందా అన్న ప్రశ్న మరుగున పడిపోతుంది. ‘క్షేత్ర పరిశీలన’ ప్రభుత్వ నివేదికలా ఉంది. ‘వెళ్లి చూసినది’ అంటే చాలు. లోకల్ నాలెడ్జ్‌కు ‘స్థానిక జ్ఞానం’ అంటే వేదాంతం అయిపోతుంది, ‘ముందే తెలిసినది’ అనండి. స్ట్రీట్‌కంప్లీట్ లాంటి యాప్ ఎడిట్ పంపేటప్పుడు రోమన్ సర్వే విలువను తనే పెట్టేస్తుంది, అక్కడ పేరు ఏదైనా డేటా మారదు.

మూలం పేరులో పొరపాటు జరిగితే నష్టం అక్షరాలతో పోదు. లైసెన్సు కుదరని పటం నుంచి తెచ్చిన డేటాను మామూలుగా వెనక్కి తిప్పితే సరిపోదు, పాత రూపాలు కూడా కనబడకుండా దాచేయాలి. 2012లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లైసెన్సు ఓడీబీఎల్‌కు (ఓపెన్ డేటాబేస్ లైసెన్స్‌కు) మారినప్పుడు ఒప్పుకోనివారి ఎడిట్లకు ఇదే జరిగింది.

ప్రశ్న అడిగినవారు:
పాత విలువలు, చిన్న బింగ్‌లు, యాహూలు అన్నీ ఒకేసారి సరిచేస్తే?

స్పందన:
చేయకండి. వస్తువు మీది ట్యాగు మార్చగానే దాని వెర్షన్ పెరుగుతుంది, చివరి ఎడిట్ తేదీ ఈరోజుది అవుతుంది. పాతబడి ఎవరూ తొంగిచూడని రోడ్డు తాజాగా కనబడుతుంది. పటం గీయడానికి వాడిన యాహూ ఉపగ్రహ చిత్రాలు 2011లోనే ఆగిపోయాయి. ఆ పేరు ఉన్న గీతను మళ్లీ చూడాలని అదే చెబుతోంది, దాన్ని చెరిపేస్తే ఆ జాడ పోతుంది. ఆ గీతను కొత్త చిత్రంతో సరిచేసినప్పుడు మాత్రం పాత సోర్స్ తీసేయాలి, లేకపోతే అది అబద్ధం. పెద్దయెత్తున యంత్రంతో మార్చాలంటే ముందు సముదాయంలో చర్చించాలన్న నియమం ఎలాగూ ఉంది.

2009లో ఎడిటర్లు డేటా పంపే మార్గమైన ఏపీఐ 0.6 వచ్చాక మార్పుల కట్టకు, అంటే చేంజ్‌సెట్‌కు, ట్యాగులు పెట్టే వీలొచ్చింది. సోర్స్‌కు తగిన చోటు ఇప్పుడు అదే. అయితే కట్ట మూసుకున్నాక దాని ట్యాగులు మార్చలేం, గంటసేపు ఏమీ పంపకపోతే అదే మూసుకుంటుంది. తప్పు తర్వాత కనబడితే చర్చలో వ్యాఖ్య రాసిపెట్టడమే దారి. జోసమ్ అనే ఎడిటర్‌లో పంపేముందు తెరిచిన పొరల నుంచి మూలం పేరు తెచ్చుకునే బటన్ ఉంది, చేత్తో టైపు చేయడంకంటే అది నయం. కాకపోతే తెరిచి ఉంచి వాడని పొర పేరు కూడా వచ్చి కూర్చుంటుంది, ఒకసారి చూసి తీసేయండి.

మరొకరి స్పందన:
మూలం ఖాయం చేసేముందు ఒక మాట. వాక్యంలో పెట్టినప్పుడు జాగ్రత్త. ‘వాన మూలంగా ఆట ఆగింది’ అంటాం కదా, ‘బింగ్ మూలంగా గీసినది’ అంటే బింగ్ బలవంతపెట్టినట్టుంటుంది. విలువ వచ్చి చేరే ఖాళీ తర్వాత ‘నుంచి’ అతికించినా రోమన్ మాటకు తోక పుట్టినట్టు ఉంటుంది. వాక్యం కట్టకుండా ‘మూలం:’ అని రాసి, పక్కన విలువను ఉన్నదున్నట్టు వదిలేయండి. ఎన్ని ఉన్నా ‘మూలాలు’ అని మార్చక్కర్లేదు.