అప్‌డేట్: 25 శాతం ఉచిత సీటు, "వయసు అర్హత లేదు" అని తిరస్కరణ (పరిష్కారమైంది)

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద, అంటే ప్రైవేటు బళ్లలో పేద పిల్లలకిచ్చే 25 శాతం ఉచిత సీట్ల కోసం, కోనసీమలో మా పాప ఒకటో తరగతి దరఖాస్తు వయసు దగ్గర ఆగిపోయిందని అడిగాను కదా. గ్రామ సచివాలయంలో ఎడ్యుకేషన్ అసిస్టెంట్ చూడగానే కారణం పట్టేశారు. పాప పుట్టింది ఏప్రిల్ 18న. సీబీఎస్‌ఈ బడికైతే ఏప్రిల్ 1కే ఐదేళ్లు నిండాలి, స్టేట్ సిలబస్‌కైతే జూన్ 1 లెక్క. మేం పెట్టింది సీబీఎస్‌ఈ. పదిహేడు రోజులే తక్కువ!

గడువులోపే స్టేట్ సిలబస్ బడికి మార్చాం, లాటరీలో పేరొచ్చింది. ఆదాయ సర్టిఫికెట్ మళ్లీ తీయించమన్నారు కొందరు, దాంతో పనే పడలేదు. జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో తేదీ ఒకటేనా అన్నది మాత్రం ముందే చూసుకోండి. లంక ఊళ్లవాళ్లు (గోదావరి పాయల మధ్య దీవుల్లో ఉండేవాళ్లు) పాయ దాటకుండా తమ వైపున్న బళ్లే ఎంచుకుంటే నయం, దగ్గరివాళ్లకే ప్రాధాన్యం.