రాయడం ఆగిపోతోంది, ఊళ్లో పిల్లల కథల కూటమీ చిక్కిపోతోంది. ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, పలాస దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా కథలు రాస్తున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా కొబ్బరితోట నేలకూలాక కసిగా రాశాను. ఇప్పుడా కసి లేదు, ఏడాదిగా ఏ కథా రెండు పేజీలు దాటడం లేదు.

ఈమధ్య మనసు ఒక్కచోటే కదిలింది. మా వీధిలో జీడిపిక్కలు కొట్టే ముసలామె ఉంది. జీడినూనెకి ఆమె వేళ్లు నల్లగా కమిలిపోయాయి. "ఏటమ్మా రాసుకుంతన్నావు, నా మాటలేనా?" అంది. ఔనన్నాను. చేతిలో పిక్క అలాగే పట్టుకుని తన పెళ్లినాటి సంగతులు గంటసేపు చెప్పింది.

ఆ మాటలు పోకూడదనే ఆదివారాలు పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చెప్పించడం మొదలుపెట్టాను. మొదటివారం పద్నాలుగు మంది, ఇప్పుడు ముగ్గురు. కథకులు కాళీపట్నం రామారావు, అదే మన కారా మాస్టారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయం పెట్టి తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చే పనికి పూనుకున్నారు. నాకు మా ఊరి మాటలు దక్కితే చాలు.

ఇలాంటివి నడిపినవాళ్లు చెప్పండి. పిల్లల్ని ఇంట్లో పెద్దల దగ్గరికే పంపి కథ అడిగి రమ్మంటే నిలుస్తారా? విన్నది మన యాసలోనే రాయించనా? బడిలో తప్పని కొట్టేస్తే పిల్లలు చిన్నబోతారని నా భయం. ఫోను ముందు పెడితే పెద్దవాళ్లు బిగుసుకుపోతారా? ఈ పనిలో పడి నా సొంత రాతకి పొద్దు చాలడం లేదు, మీరు రెండింటికీ వేళ ఎలా కుదుర్చుకున్నారు? శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్లయితే మరీ మేలు.