1993 నల్లగొండ క్రైమ్ కామిక్: కథ ఎందుకు పట్టుకుంటలేదు?

ప్రశ్న: 1993 నల్లగొండలో ఒక హత్య కథ, ఏ4 సైజులో 24 పేజీలు, నలుపు తెలుపు. ఎస్‌టీడీ బూత్, చేతక్ స్కూటర్, గూనపెంకల ఇండ్లు, షాబాద్ బండల వాకిలి అన్నీ గీసిన. చూసినోళ్లు ‘బొమ్మలు మంచిగున్నయ్, కథే పట్టుకుంటలేదు’ అంటున్నరు. మాటల బెలూన్లల్ల అక్షరాలు కూడా ఇరుకైతున్నయ్. ఏం మార్చాలె అన్నా?

జవాబు: తమ్మీ, పాత వస్తువులు ఊకె కనపడితే సరిపోదు, కేసును అవే నడపాలె. బూతునే తీస్కో. అప్పట్ల రాత్రి 11 దాటితే దూరం ఫోన్లకు పావు రేటు, అందుకే జనం ఆ టైముకే వరుస కట్టేటోళ్లు. నీ హంతకుడు 11:10కి ఫోన్ చేస్తే చూసినోళ్లు ఉంటరు. బిల్లు చీటీ మీద నంబరు, టైము పడ్తయ్. ఆ చీటీని గడి (ప్యానెల్) నిండా గియ్యి, నంబరు చివరి రెండంకెల మీద బొటనవేలు పెట్టు. వేలు తీసేది పేజీ తిప్పినంకనే. 1వ పేజీ కుడిదిక్కు వస్తది కాబట్టి తిప్పితే కనపడేది సరి సంఖ్య పేజీ. వేలు 13 చివర్ల, నంబరు 14 మొదట్ల ఉండాలె. 12, 13ల పెడితే రెండూ ఎదురెదురుగ కనపడి గుట్టు బయటపడ్తది.

ఇంకో జవాబు: ముందు మాట టైపు చేసి, దాని చుట్టూ బెలూన్ గియ్యాలె. 11 పాయింట్ల అక్షరానికి వరుసల ఎడం 16 పాయింట్లు పెట్టు, లేకుంటే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగుల్తది. ఏ3 మీద గీస్తే ఏ4 అచ్చుల 71 శాతానికి తగ్గుతది, 0.3 మి.మీ. గీత 0.2 అయితది. స్కాను 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు). నల్లగడిల తెల్లక్షరాలకు కొంచెం లావు ఫాంటు వాడు, సిరా పాకితే సన్నగీతలు పూడ్తయ్. అక్షరాలను ఔట్‌లైన్లుగ (ఫాంటు అక్కర్లేని గీతలుగ) మార్చినంకనే పీడీఎఫ్ ఇయ్యి.

మరో జవాబు: అప్పటి కేసు కాబట్టి హత్యకు ఐపీసీ 302, ఎఫ్ఐఆర్ సీఆర్‌పీసీ 154 కింద. ఐపీసీ జాగల బీఎన్ఎస్ వచ్చింది 2024 జులై 1న. అప్పట్ల నల్లగొండ కొత్త బండి నంబరు ఏపీ 24, పాలమూరు (మహబూబ్‌నగర్)దైతే ఏపీ 22. సాక్షి ‘గా పొద్దు గీడనే ఫోన్ జేసిండు సారూ’ అంటడు, పోలీసు కాయితం మీద అదే ‘సదరు వ్యక్తి’ అయితది. రెండూ పక్కపక్క గడులల్ల పెట్టు.

ప్రశ్న: మరి అంతమంది ఉన్న కాడికి హంతకుడు ఎందుకొస్తడు?

జవాబు: నలుగురు చూడాలనే వస్తడు. హత్య టైముకు తను బూతు కాడ ఉన్నట్టు వాళ్లే సాక్ష్యం. వరుసల నిలబడ్డోళ్ల మొఖాలు 5వ పేజీలనే ఒక్కసారి చూపెట్టు.